రెండోసారి పడిన సున్నం

9 మే, శనివారం. అనకాపల్లి.

నలభై ఏళ్లయింది. పది మంది మగాళ్ల ముందర సత్తియ్య బావ నా చేతిలో తెడ్డు లాక్కున్నాడు. తొలి పెనం తగలెట్టీసేవు, దిగు అన్నాడు. దిగేను. ఆ మాట ఇప్పటికీ నా గొంతులోనే ఉన్నాది. మింగుడు పడలేదు, కక్కడానికీ రాలేదు.

నేను సున్నం ఒక్కసారే వేసేను. చెరుకు రసం మొదటి పొంగు వచ్చినప్పుడు వేసేను. సున్నం ముంత మీద మూత పెట్టేను, పైకి తేలిన మడ్డి తేర్చేను, మొహం కడుక్కోడానికి నూతి దగ్గిరికి వెళ్లేను. వచ్చేసరికి రంగు తిరిగిపోయింది. ఎవడో రెండోసారి వేసేడు. సున్నం రెండుసార్లు పడితే తేనె రంగులో రావలసిన బెల్లం బొగ్గు రంగులో వస్తాది. మా మామ గానుగలో ఏటేటా తొలి పెనం బెల్లం నూకాలమ్మది. ఆ దిమ్మ నెత్తిన పెట్టుకుని అమ్మోరి గుడికి నడిచి వెళ్లడం వాళ్ల తాతల నుంచీ ఉన్నాది. ఆ ఏడు వెళ్లలేదు. నా వల్ల అన్నారు.

ఎనిమిది రోజుల్లో నర్సిని తీసుకుని భిలాయి వెళ్లిపోయేను. మళ్లీ తెడ్డు పట్టలేదు. ఇనప కొలిమి దగ్గిర కూలి చేసేను గాని తెడ్డు పట్టలేదు.

ఇప్పుడెందుకొచ్చేనంటే మా చంద్రమౌళి వల్ల. పిల్లకి సెలవులు, నీ ఊరు చూపిద్దాం నాన్నా అని కోడలు లావణ్యా వాడూ ఒకటే పోరు. లాడ్జీలో దిగుదామన్నాను. సొంత మేనత్త ఇల్లుండగా లాడ్జీ ఏటి అన్నాడు. మా రెండిళ్లకీ కుండమార్పు. మా అప్ప అప్పలకొండమ్మని బావకిచ్చేం, బావ చెల్లి అప్పలనర్సమ్మని నేను చేసుకున్నాను. బావని తిడితే మా అప్పకి తగుల్తాది, నన్ను తిడితే నర్సికి తగిలేది. అలాంటి ముడి.

స్టేషన్లో దిగేను. బెల్లం వాసన రావాలి. ఉచ్చ వాసన వచ్చింది.

గుమ్మంలో బావ. ఎనభై వచ్చేయి. పళ్లు కట్టించుకున్నాడు, ఒక్కోటి ఇంతింత, గుర్రం నవ్వినట్టున్నాది. రా బావ అన్నాడు. నిన్న సంతకెళ్లి ఇవాళ తిరిగొచ్చినోణ్ణి పిలిచినట్టు. నర్సి దినానికి భిలాయి వచ్చినప్పుడు నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ సంగతి గుర్తు లేనట్టే ఉన్నాడు.

ఈ ఇంట్లో నీళ్లు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఎండ నలభై రెండు. రెండు గ్లాసులు తాగేను.

ఈ పుస్తకం మా మనవరాలు హాసినిది, స్కూలు నోటుబుక్కు, సగం ఖాళీ. రాత్రి బడి అక్షరాలు నావి, తప్పులుంటే ఉంటాయి, ఎవడూ చదవడానికి కాదు. నర్సి ఉంటే దానికి చెప్పీసేవాణ్ణి. పోయి రెండేళ్లయింది. కాగితానికి చెప్తున్నాను. పదిహేడో తారీకు ఆదివారం తిరుగు బండి. ఆ లోపు రెండో సున్నం ఎవడేసేడో బావ నోటితో పది మందిలో చెప్పిస్తాను. వేసింది వాడే. చెప్పించకుండా బండెక్కను.

10 మే, ఆదివారం

పొద్దుట బావ కోడలు కుమారి ఉప్మా చేసింది. ఫోను మాట్లాడుతూ అడుగంటించింది. గిన్నె దించి నవ్వుతూ, ఇదిగో దేముడు పెనం అయిపోనాది అన్నాది.

అప్ప చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. బావ కిటికీలోంచి చూడ్డం మొదలెట్టేడు. అక్కడ ఏటుందని, పక్కింటోళ్ల గోడ.

ఆ మాట ఎక్కడిదమ్మా అని అడిగేను.

"ఇక్కడికొచ్చే నేర్సుకున్నాను మావయ్యా. ఏదన్నా మాడిపోతే అంటారు కదా. మా రాంబిల్లిలో మా అమ్మోళ్లూ అంటన్నారిప్పుడు."

నా పేరు సముద్రం ఒడ్డు దాకా వెళ్లిపోయిందన్నమాట. నేనేనమ్మా ఆ దేముణ్ణి అన్నాను. ఆ పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది. దాన్ని అనడానికేం లేదు. నేర్పినోళ్లని అనాలి. నలభై ఏళ్ల నుంచీ ఈ ఇంట్లో అన్నం మాడితే నేను, పాలు పొంగితే నేను, పకోడీ నల్లబడితే నేను.

తినలేదు. అంటే పిల్ల చూస్తున్నాదని రెండు ముద్దలు తిన్నాను. మాడిన ఉప్మా బాగానే ఉన్నాది, అది వేరే సంగతి.

11 మే, సోమవారం

బొజ్జన్నకొండకి తీసుకెళ్లేరు. ఎక్కలేను అన్నాను, వినరు. మెట్ల మీద చిప్సు కవర్లు, గుట్కా ఉమ్ములు. రెండు వేల ఏళ్ల బుద్ధుడి ముందర ఒక జంట పెదాలు ముందుకు పెట్టి ఫోటో తీసుకుంటున్నారు, బాతుల్లాగ. 

చిన్నప్పుడు కనుమ నాడు మేం గుంపుగా వచ్చి ఈ కొండ మీద రాళ్లు విసిరేవాళ్లం. అది చెప్పేను. హాసిని ఆగిపోయింది.

"ఎందుకు తాతా? ఆయనేం చేశాడు?"

"రాచ్చసుడన్నారు."

"కాదు కదా."

"అందరూ అన్నారు. నేనూ ఇసిరేను."

 దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకోలేదు.

తిరిగొస్తుంటే బెల్లం కొంటానని లావణ్య కారు ఆపించింది. కొట్టు ముందు దిమ్మలు, తెల్లగా, సబ్బు బిళ్లల్లాగ. మందు పోసి తెల్లగా చేస్తారు. వాసన చూసేను, ఆస్పత్రి వాసన. ఇది బెల్లమా అని కొట్టువాణ్ణి అడిగేను. వాడు నవ్వేడు. లోపల్నుంచి ఒక నల్ల దిమ్మ తెచ్చేడు. మందు లేనిదట, ఈ మధ్య అందరూ ఏరుకుని ఇదే పట్టుకెళ్తున్నారట, పట్నం నుంచి డాక్టర్లు కూడా వస్తారట. లావణ్య ఎంతో సంబరంగా మూడు దిమ్మలు కట్టించుకున్నాది.

నేను దాని రంగు చూసేను. సరిగ్గా అదే రంగు. ఆ రంగు వండేనని నన్ను ఊళ్లోంచి పంపించేరు. ఇప్పుడు అది లోపల దాచి మరీ అమ్ముతున్నారు. ఉమ్మేసి కారెక్కేను.

గానుగ సాల ఉన్న చోటు దార్లోనే చూపించేడు బావ. ఫంక్షన్ హాలు కట్టేరు. పెనం ఉన్న చోట మోటారు సైకిళ్లు నిలబెడుతున్నారు.

12 మే, మంగళవారం

ఏటికొప్పాక వెళ్లేం. హాసిని లక్క పిడతలు కొనిపించుకున్నాది. ఎరుపు, పసుపు, బుల్లి పళ్లెం, బుల్లి గరిట. ఈ ఊళ్లో నాకు అసయ్యం వెయ్యని వస్తువు ఇదొక్కటే.

మధ్యాన్నం అప్ప నాకు మజ్జిగా, బెల్లం ముక్కా తెచ్చి పెట్టింది. బెల్లం పక్కకి తోసీసేను. భిలాయిలో నా ఇంట్లోకి నర్సి బతికున్నన్నాళ్లూ బెల్లం రానివ్వలేదు. పండక్కి పరమాన్నం పంచదారతో. బూరెల్లో పంచదార. పక్కింటి తెలుగోళ్లు నవ్వేవారు, అనకాపల్లి పిల్లవి నువ్వేటి, పంచదార పూర్ణం ఏటి అని. నవ్వితే నవ్వనీ అనేది. మొగుడికి జరిగిన అవమానం తనకి జరిగినట్టు అనుకున్నాది. అలాంటి మనిషి ఎక్కడుంటాది. అదే అప్పకి చెప్పేను, కొంచెం గొప్పగానే చెప్పేను.

అప్ప నా మొహంలోకి అదోలా చూసింది.

"అదెందుకు తినేది కాదో నీకు తెల్దేట్రా?"

తెలుసన్నాను. నా కోసం. అప్ప ఆ బెల్లం ముక్క తీసి తనే నోట్లో వేసుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు గురించి రాస్తాను, మర్చిపోకుండా. రేపు బావ ఒక్క మాట తిప్పితే పట్టుకోవాలి. పెనం దగ్గిర నేను. గానుగ దగ్గిర ఇద్దరు కూలోళ్లు. పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తూ కింద నర్సి. తొలి పెనం దగ్గిరికి ఆడోళ్లు రాకూడదు, పిప్పి తొయ్యడం వరకే. మామా, తొలి పెనం చూడ్డానికొచ్చిన మగాళ్లూ చెరుకు బండి దగ్గిర. బావ అటూ ఇటూ తిరుగుతున్నాడు. పెనం దగ్గిరకి రాగలిగినోడు వాడొక్కడే. ఇందులో ఆలోచించడానికేటుంది.

ఆ రోజంతా నర్సి కుడి చెయ్యి కొంగులో చుట్టుకునే ఉన్నాది. పొయ్యి దగ్గిర కాలిందన్నాది. నా అవమానంలో నేనున్నాను, దాని చెయ్యి చూడలేదు.

13 మే, బుధవారం

పొద్దుట ఫలారాలయ్యేక అందర్నీ అరుగు మీద కూర్చోబెట్టేను. నా కొడుకూ కోడలూ, కుమారీ, పక్కింటి ముసలోడూ వాడి పెళ్లామూ. పక్కింటోళ్లెందుకు నాన్నా అన్నాడు చంద్రమౌళి. తక్కువయ్యేరు, ఇంకా నలుగురుంటే బాగుణ్ణు అన్నాను. హాసిని మెట్టు మీద లక్క పిడతలతో ఆడుకుంటున్నాది.

బావని అడిగేను. రెండో సున్నం సంగతి.

బావ నెమ్మదిగా లేచేడు.

"లోపలికి పద బావ. మనిద్దరం మాటాడుకుందాం."

"తెడ్డు లోపల లాక్కున్నావేటి? పది మందిలో లాక్కున్నావు. పది మందిలోనే సెప్పు."

"వద్దు బావ. నా మాటిను."

"సెప్పు."

కూర్చున్నాడు. కట్టుడు పళ్లు తీసి గ్లాసులో వేసేడు. అవి ఉంటే నోరు తిరగదట. పళ్లు తీసేక మొహం ఇంతయిపోయింది, వాళ్ల అమ్మ మొహంలాగ, కొంచెం నర్సి మొహంలాగ కూడా.

"సున్నం నువ్వు ఒక్కసారే ఏసేవు. నాకు తెల్సు. ఆ రోజే తెల్సు."

నలభై ఏళ్లు ఈ మాట కోసం చూసేను. వచ్చీసింది. పక్కింటి ముసలోడు తలూపేడు. మా చంద్రమౌళి నాకేసి చూసేడు, మంచిగా చూసేడు. అక్కడితో లేచి వెళ్లిపోవలసింది. మంచినీళ్లు తాగి పడుకోవలసింది.

మరి రెండోది నువ్వేనా అని అడిగేను.

"నేనే అనుకో."

"అనుకోను. అవునంటే అవునను."

బావ గ్లాసులో పళ్లకేసి చూస్తున్నాడు. నేను ఊరుకోలేదు. దొంగా అన్నాను. చెల్లెలి మొగుణ్ణి బజార్లో పెట్టినోడివి అన్నాను. నీ నోట్లో పురుగులు పడతాయన్నాను. అప్పుడు గుమ్మంలోంచి మా అప్ప మాట వచ్చింది. గట్టిగా కాదు, బియ్యం చెరుగుతూ మాటాడినట్టే మాటాడింది.

"నర్సి ఏసిందిరా."

ఏ నర్సి అని అడిగేను. నిజంగానే అడిగేను. ఎవరో కూలి మనిషనుకున్నాను.

"ఏ నర్సేట్రా. నీ పెళ్లాం. నువ్వు నూతి కాడికెళ్లేవు. సున్నం ముంత మూత ఏసినట్టే ఉన్నాది. నువ్వు మర్సిపోనావనుకున్నాది. పొంగు దాటిపోతే నీకు మాటొస్తాదని గబగబా పైకెక్కి ఏసీసింది. ఈయన సూసేడు. మా మామ అప్పుడే బండి దిగి వత్తన్నాడు. ఆడది తొలి పెనం మీద చెయ్యెట్టిందంటే ఆయన దాన్ని బతకనిచ్చునా? దాని సేతి ఏళ్ల నిండా సున్నం. ఏటి సెయ్యాలో తెలక ఈయన నీ మీద కేకలేసి తెడ్డు లాగేడు. అందరూ నీకేసి సూసేరు. అది చెయ్యి కొంగులో ఎట్టుకున్నాది."

బావ అన్నాడు, "నీకు తరవాత సెప్దామనుకున్నాను. నర్సి వద్దన్నాది. నేనే సెప్పుకుంటానన్నయ్యా అన్నాది. నువ్వు దాన్ని తీసుకుని ఎల్లిపోనావు. సెప్పుంటాదిలే అనుకున్నాను."

పక్కింటి ముసలోడు, వాడి పెళ్లామూ, కుమారీ, అందరూ. నేనే కూర్చోబెట్టేను. హాసిని ఆట ఆపీసి చూస్తున్నాది. పది మందిలో సెప్పు అన్నది నేనే.

చచ్చినదాని మీద తోస్తారురా మీరు అన్నాను. మాట చెప్పుకోలేనిదాని మీద తోస్తారు, ఇంతకన్నా నీచం ఉన్నాదా అన్నాను. చెప్పులేసుకుని స్టేషను దాకా నడిచేను. బండి ఆదివారం గాని లేదు. తిరిగొచ్చేను.

14 మే, గురువారం

అబద్ధం.

14 మే, మళ్లీ

దాని అన్నా వదినా కూడబలుక్కున్న అబద్ధం. మా అప్ప ఎప్పుడూ మొగుడి వైపే.

కాని మా అప్పకి అబద్ధం ఆడ్డం రాదు. చిన్నప్పుడు జామకాయ దొంగిలించి తనే వెళ్లి చెప్పేది.

అట్టు మాడింది పొద్దుట. నల్లగా మాడింది. కుమారి నాకేసి చూసి ఏ మాటా అనకుండా చెత్తలో పడేసింది. అందరూ తలలొంచుకుని తిన్నారు. నలభై ఏళ్ల నుంచీ ఉన్న ఆ దేముడు పెనం మాట ఈ ఇంట్లో మరి అనరు. అదే కదా నేను కోరింది. ఆ ఊరుకోవడం ఇంకా అసయ్యంగా ఉన్నాది. అంటేనే బాగుణ్ణు.

 మధ్యాన్నం చంద్రమౌళి అడిగేడు, అమ్మ చెయ్యి మీద మచ్చ అదేనా నాన్నా అని. ఏ మచ్చ అన్నాను.

ఏ మచ్చో నాకు తెలుసు. కుడి చెయ్యి చూపుడు వేలూ పక్క వేలూ. నిప్పు మచ్చ నల్లగా ఉంటాది, కొలిమి దగ్గిర పని చేసినోణ్ణి, నా ఒంటి నిండా అవే. నర్సిది తెల్లగా ఉండేది, సున్నం కాల్చినట్టు. పోయేదాకా ఆ చేత్తోనే అన్నం పెట్టింది.

కొండకర్ల ఆవకి రమ్మన్నారు. వెళ్లలేదు. వాళ్లొచ్చి తాటి దోనెల మీద తిరిగేమని చెప్పేరు. నీళ్లు కంపు కొడుతున్నాయట. కొట్టవా మరి.

15 మే, శుక్రవారం

నర్సీ,

నీకు చదువు రాదు. అందుకే రాస్తున్నాను.

నేను రోజూ మీ అన్నని తిట్టేను. అన్నం ముందు కూర్చోగానే మొదలెట్టేవాణ్ణి. నువ్వు వడ్డిస్తూ వినేదానివి. ఒక్క రోజు అవునని అనలేదు. కాదనీ అనలేదు. చారు పొయ్యమంటావా అనేదానివి. నేను అవునన్నావనే అనుకున్నాను.

ఎందుకు చెప్పలేదు? కొడతాననా? కొట్టీవాణ్ణి, మొదటి ఏడు అయితే. రెండో ఏడు కొట్టీవాణ్ణి కాదు. తిట్టీవాణ్ణి. చంద్రమౌళి పుట్టేక తిట్టీవాణ్ణి కూడా కాదు. అంటే కొంచెం తిట్టీవాణ్ణి. ముసలాళ్లయ్యేక ఇద్దరం నవ్వుకుందుం. నవ్వేవాణ్ణి కాదని నువ్వనుకుంటే అది నీ తప్పు.

ఆస్పత్రిలో ఆఖరి నాడు నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయేవు. మాటాడకు, ఆయాసం వస్తాది అన్నాను. అదేనా? అది కాదు. నీళ్లు అడిగుంటావు. నీళ్లే.

నిన్నట్నుంచి ఒకటే తిరుగుతున్నాది నా బుర్రలో. నువ్వు బెల్లం ముట్టుకోనిది నా పౌరుషం కోసం అని ఊరందరికీ చెప్పుకున్నాను. భిలాయిలో చెప్పేను, రైల్లో చెప్పేను, మొన్న మా అప్పకీ చెప్పేను. అది నా కోసమా, నీ తప్పు కోసమా? ఇది నాకు తెలియాలి. సున్నం సంగతి వదిలీసేను. వేసేవు, వేసేవు. నా కోసమే వేసేవు, అదీ ఒప్పుకున్నాను. ఈ ఒక్కటి చెప్పు.

మీ అన్న కట్టుడు పళ్లు ఇవాళ నేనే కడిగి ఇచ్చేను. ఎందుకిచ్చేనో తెలీదు.  తెడ్డు లాగిన చెయ్యే చాపేడు. తీసుకుని, నీళ్లు చల్లగా ఉన్నాయి బావ అన్నాడు. అంతే మాటాడుకున్నాం.

రేపు శనివారం, అమాస. అప్ప పెద్దలకి పెట్టి మేడ మీద కాకులకి వేస్తాది. ఆ మెతుకులతో నాకు పని లేదు. లావణ్య కొన్న నల్ల దిమ్మలోంచి ముక్క కొట్టి ఉంచేను. హాసిని లక్క పళ్లెం అడిగి తీసుకున్నాను, ఎందుకు తాతా అంటే మీ నాన్నమ్మకి అన్నాను. పిట్టగోడ మీద అందరి వంటకీ దూరంగా పెడతాను. పక్కన నేను కూర్చుంటాను, గొడుగేసుకుని.

కాకివై వచ్చి ముట్టుకుంటే, నా కోసమే మానేవు, ఇంక ఆ ఒట్టు తీరిపోయిందని. ముట్టుకోకపోతే రెండోది, నీ తప్పు కోసం మానేవని.

తిరిగి తిరిగి వెళ్లిపోవద్దు. అన్నేళ్లూ చారు పొయ్యమంటావా అన్నట్టు ఇప్పుడూ అటూ ఇటూ కాకుండా చెయ్యొద్దు. ఆదివారం నాకు బండి. రేపు మధ్యాన్నం పన్నెండు దాకా చూస్తాను. ఆ లోపు చెప్పు.